కాయకల్ప డబ్బు వచ్చింది, పార్టోగ్రాఫ్ మాత్రం కాన్పయ్యాకే

ప్రశ్న: నేను ఒక ఏరియా ఆసుపత్రి లేబర్ రూములో స్టాఫ్ నర్సుని. రెండేళ్ల కిందట మా ఆసుపత్రికి కాయకల్పలో, అంటే శుభ్రతకు ప్రభుత్వ ఆసుపత్రులకిచ్చే అవార్డులో, లక్ష రూపాయలొచ్చాయి. అసెస్‌మెంట్ టీమ్ వచ్చే ముందు గోడలకు రంగులేశారు, వాష్‌బేసిన్ల దగ్గర సబ్బులు పెట్టారు, వాళ్లు వెళ్లగానే మళ్లీ మామూలే. ఇప్పుడు మా సూపరింటెండెంట్ గారు ప్రతి నెలా నర్సుల పేర్లు, మార్కులు బోర్డు మీద రాస్తామంటున్నారు. అందరికీ టెన్షన్. డబ్బుతోనో మార్కులతోనో వైద్యం బాగుపడుతుందా?
– పేరు రాయొద్దన్న సిస్టర్

జవాబు: సిస్టర్ గారూ, ముందు డబ్బు సంగతి. కాయకల్ప నగదులో 25 శాతం సిబ్బందికి, మిగతాది ఆసుపత్రి సౌకర్యాలకు వెళ్లాలి. అంటే మీ లక్షలో 25 వేలు. డాక్టర్ల నుంచి శానిటేషన్ వాళ్ల దాకా పంచితే మీ చేతికి ఎంతొచ్చిందో మీకే తెలుసు, బహుశా ఒక పూట బిర్యానీ! ఏడాదికోసారి వచ్చే ఆ కాస్త డబ్బు కోసం రాత్రి డ్యూటీలో ఎవరూ పని తీరు మార్చుకోరు.

పెద్ద మొత్తాలిస్తే మారతారా అంటే, అమెరికాలో అదీ చేసి చూశారు. 2003లో మెడికేర్ (అక్కడ ముఖ్యంగా పెద్ద వయసువాళ్లకు ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా) కింద మొదలైన ఒక పథకంలో బాగా చేసిన ఆసుపత్రులకు 2 శాతం దాకా బోనస్ ఇచ్చారు. తీరా 2012లో లెక్క తీస్తే, ఆ పథకంలో లేని ఆసుపత్రులతో పోల్చినప్పుడు మరణాల్లో తేడా కనిపించలేదు. అక్కడే న్యుమోనియా రోగికి 4 గంటల్లో యాంటీబయాటిక్ ఇవ్వాలని కొలత పెడితే, గడియారానికి భయపడి న్యుమోనియా లేనివాళ్లకూ మందు ఎక్కించడం మొదలైంది, చివరికి గడువును 6 గంటలకు పెంచాల్సి వచ్చింది.

మన దగ్గర ఇలాంటిది పార్టోగ్రాఫ్‌లో, అంటే నొప్పులు ఎలా సాగుతున్నాయో, బిడ్డ ఎలా ఉందో ఎప్పటికప్పుడు గుర్తు పెట్టే చార్టులో చూడొచ్చు. బిడ్డ గుండె చప్పుడు అరగంటకోసారి విని చుక్క పెట్టాలి కదా, కొన్ని కేస్ షీట్లలో చుక్కలన్నీ ఒకే పెన్నుతో, గీత గీసినట్టు నిమిషానికి 140 దగ్గరే ఉంటాయి. కాన్పయ్యాక కూర్చుని నింపారని చూడగానే తెలిసిపోతుంది. నర్సులది బద్ధకమని నేననను, ఒక్కరే నాలుగు టేబుళ్లు చూస్తుంటే చుక్క పెట్టే తీరికెక్కడిది? కానీ మార్కులు ఆ కాగితానికే ఇస్తే కాగితం ఇంకా అందంగా తయారవుతుంది, అంతే.

ఇక మీ బోర్డు సంగతి. అదీ ఒక రకం ఫీడ్‌బ్యాకే, అంటే పని ఎలా చేశారో కొలిచి వాళ్లకే చెప్పడం. దీని మీద 140 అధ్యయనాలను కలిపి చూసిన 2012 నాటి ఒక సమీక్షలో మెరుగుదల సగటున 4 శాతం చిల్లరే తేలింది. మొదట్లో పనితీరు బాగా తక్కువగా ఉన్నచోట, పైఅధికారో తోటివాళ్లో ఒకసారి చెప్పి వదిలేయకుండా మళ్లీ మళ్లీ చెప్పినచోట, నోటిమాటతో పాటు కాగితం మీదా ఇచ్చి ఫలానా లక్ష్యం అని పెట్టినచోట ఎక్కువ పనిచేసింది. పేర్లతో బోర్డు పెడితే మాత్రం జనం తప్పులు దాచుకుంటారని నా గట్టి నమ్మకం.

అందుకని పేర్లు తీసేయమని అడగండి. వారానికో రోజు డ్యూటీ మారే టైంలో పది నిమిషాలు, మూడు కేస్ షీట్లు తీసి, గుండె చప్పుడు టైంకి విన్నామా లేదా అన్న ఒక్క విషయం మీరే మాట్లాడుకోండి. అయినా బోర్డు ఉండాల్సిందేనంటే, బిడ్డ గుండె చప్పుడు వినే డాప్లర్ మిషన్ పాడైతే ఎన్ని రోజులకు బాగు చేయించారో ఆ అంకె కూడా దానిమీదే రాయమనండి.