డీయూఐ ప్రొబేషన్‌లో ఉండగా మళ్లీ బండి నడిపి దొరికితే?

"కాలిఫోర్నియాలో మా తమ్ముడు డీయూఐ ప్రొబేషన్‌లో ఉన్నాడు. సస్పెండైన లైసెన్సుతో నడుపుతూ దొరికాడు. ఫైన్ కట్టేస్తే సరిపోతుందా?" అని అడిగారు. డీయూఐ అంటే తాగి బండి నడిపిన కేసు, ప్రొబేషన్ అంటే కోర్టు షరతులు పెట్టి బయట వదిలే గడువు. ఫైన్‌తో సరిపోదండీ. మా బాబాయి కొడుక్కి అచ్చం ఇలాగే జరిగింది. వాడి వెంట కోర్టుకు వెళ్లింది నేనే.

వాడు ఆ రాత్రి చుక్క ముట్టలేదు. పాపకు జ్వరం మందు తేవడానికి బయల్దేరాడు. కారు వెనక లైటు ఒకటి వెలగడం లేదని పోలీసు ఆపాడు. లైసెన్సు నంబరు కొట్టగానే సంగతంతా బయటపడింది. చేతిలో కాగితం పెట్టి ఫలానా తేదీన కోర్టుకు రమ్మన్నాడు. ఫ్రెండ్సేమో "ట్రాఫిక్ టికెట్టే కదరా, ఆన్‌లైన్‌లో కట్టేసెయ్" అన్నారు. ఇలాంటి ఉచిత సలహాలు వింటే నాకు ఒళ్లు మండుతుంది. డీయూఐ వల్ల సస్పెండైన లైసెన్సుతో నడపడం అక్కడ క్రిమినల్ కేసు. మొదటిసారికే చట్టంలో కనీసం 10 రోజులు, గరిష్ఠంగా 6 నెలల జైలు ఉంది. జరిమానా 300 నుంచి 1000 డాలర్లు. దాని మీద వేసే అదనపు రుసుములు కలిపితే కొన్ని రెట్లవుతుంది.

కోర్టులో మావాడి పేరు పిలిచాక క్లర్కు వరసగా రెండు కేసు నంబర్లు చదివింది. రెండోది పాత డీయూఐది. వాడి మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. జడ్జి అక్కడికక్కడే ప్రొబేషన్ తాత్కాలికంగా రద్దు చేసి, విచారణకు వాయిదా వేశారు.

చాలామందికి తెలియనిది ఇదే. కొత్త కేసు కొట్టేసినా పాత కేసు వదలకపోవచ్చు. ప్రొబేషన్ ఉల్లంఘన తేల్చడానికి జ్యూరీ ఉండదు. తప్పు జరిగే ఉంటుందని జడ్జి మొగ్గితే చాలు. అయితే విచారణ జరపాల్సిందేనని అమెరికా సుప్రీంకోర్టు 1973లోనే చెప్పింది, ఆ హక్కు వదులుకోవద్దు. మా పబ్లిక్ డిఫెండర్, అంటే లాయరును పెట్టుకోలేనివాళ్లకు ప్రభుత్వం ఇచ్చే లాయరు, డీయూఐ క్లాసుల హాజరు, జరిమానా రసీదులు అన్నీ ముందు పెట్టాడు. కొన్ని రోజుల జైలుతో ప్రొబేషన్ తిరిగి నిలబడింది. డబ్బిచ్చి పెట్టుకున్న లాయరే గొప్ప అనుకునేవాళ్లకు ఈ మాట గట్టిగా చెప్తాను.

ఇంకోటి, మనవాళ్లు అపార్ట్‌మెంట్లు మారుస్తూనే ఉంటారు, డీఎంవీకి (లైసెన్సులు ఇచ్చే ఆఫీసుకు) మాత్రం చెప్పరు. 10 రోజుల్లో చెప్పాలని రూలు. సస్పెన్షన్ ఉత్తరం పాత అడ్రసుకు పోయినా, మీకు తెలిసినట్టే లెక్కేస్తారు. పరువు పోతుందని ఇంట్లో దాచడం దీనికి తోడు. మావాడు కేసు సంగతి ముందే చెప్పుంటే ఆ మందేదో నేనే తెచ్చిచ్చేవాణ్ణి.

మీ తమ్ముడు "ఒక్క బీరే కదా" అని కూడా అనుకోకూడదు. డీయూఐ ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లకు రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతం దాకా అన్న లెక్క వర్తించదు, 0.01 వచ్చినా లైసెన్సు ఏడాది పోతుంది. కోర్టు తేదీ తప్పితే వారెంట్ వస్తుంది. వీసా మీద ఉంటే మాత్రం, ఇమిగ్రేషన్ లాయర్‌కు కాగితాలు చూపించేదాకా ఏ నేరమూ ఒప్పుకోవద్దని ఇవాళే ఫోన్ చేసి చెప్పండి.