క్రూజర్ కొనేముందు ఓసారి వెనక్కి తోసి చూడండి

ప్రశ్న: నా హైట్ 5 అడుగుల 4 అంగుళాలు. ఇన్నాళ్లూ 150 సీసీ బండే నడిపా. ఇప్పుడు క్రూజర్ (సీటు కిందకి ఉండి, తీరిగ్గా కూర్చుని నడిపే బైక్) మీద మనసు పడింది, హోండా రెబెల్ 500 తీసుకోవాలా, రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియర్ 650 తీసుకోవాలా తేల్చుకోలేకపోతున్నా. ఏది బెటరండీ?

జవాబు: హైట్ గురించి టెన్షన్ వద్దండీ, రెబెల్ సీటు ఎత్తు 690 మిల్లీమీటర్లు, సూపర్ మీటియర్‌ది 740, రెండిట్లోనూ కాళ్లు కిందకి ఆనుతాయి. అసలు తేడా బరువులో ఉంది. రెబెల్ 190 కిలోల చుట్టుపక్కల ఉంటే సూపర్ మీటియర్ 241 కిలోలు, రోడ్డెక్కాక అంత తెలీదు గానీ పార్కింగ్‌లో కాస్త వాలుగా ఉన్నచోట బండిని వెనక్కి లాగాల్సి వస్తుంది చూడండి, అప్పుడు తెలుస్తుంది. అందుకే షోరూంలో ఎక్కి కూర్చుని ఫొటో దిగి వచ్చేయకుండా (అందరూ చేసేది అదే లెండి) ఇంజిన్ ఆపి నాలుగడుగులు వెనక్కి తోయండి, హ్యాండిల్ ఫుల్లుగా తిప్పి చూడండి, బయటివైపు చెయ్యి మరీ సాగిపోతోందంటే యూటర్న్ దగ్గర ఇబ్బందే.

సూపర్ మీటియర్‌లో ఫుట్‌పెగ్స్ (కాళ్లు పెట్టుకునే కడ్డీలు) ముందుకి ఉంటాయి, గుంత వచ్చినప్పుడు వాటిమీద లేవడం కష్టం, దెబ్బంతా నడుముకే. రెబెల్‌లో దాదాపు మధ్యలోనే ఉంటాయి. రోజూ సిటీ ట్రాఫిక్కే అయితే నా ఓటు రెబెల్‌కే. వెనక మనిషి, లగేజీ, లాంగ్ రైడ్లు అంటారా, అప్పుడు 650 తీసుకోండి, రెబెల్ వెనక సీటు పేరుకే సీటు.