సాన్ ఫ్రాన్సిస్కోలోని మేసోనిక్ భవనం పాతకాలపు కోవెలలా కాకుండా తెల్లని రాతిపెట్టెలా ఎందుకు ఉంటుంది?

ఇది ఫ్రీమేసన్లు అనే పాత సోదర సంఘం వారి భవనం. దాని రూపానికి ముఖ్య కారణం అది కట్టిన కాలమే. నాబ్ హిల్ అనే కొండ మీద, గ్రేస్ కెథెడ్రల్ చర్చికి ఎదురుగా ఉన్న ఈ భవనానికి ఆల్బర్ట్ రోలర్ రూపకల్పన చేశారు. ఇది 1958లో ప్రారంభమైంది. అంతకు ముందు తరాల ఫ్రీమేసన్లు గ్రీకు స్తంభాలనో ఈజిప్టు అలంకారాలనో ఆశ్రయించగా, రెండో ప్రపంచ యుద్ధానంతర ఆధునిక శైలి నగిషీలను వదిలి చదునైన గోడలకే ప్రాధాన్యమిచ్చింది. పైగా లోపల ఉన్నది మూడు వేల మందికి పైగా పట్టే సభామందిరం కనుక, దాని చుట్టూ కిటికీల అవసరమూ తక్కువే. యుద్ధాల్లో మరణించిన మేసన్లకు ఇది స్మారకం కూడా కావడంతో బయటి గోడపై సైనికుల శిల్పాలు నిలిపారు.

అయితే ఆ తెల్లదనాన్ని చూసి భవనాన్ని వెలితిగా భావించడం, నా దృష్టిలో, తొందరపాటే. ప్రవేశమందిరంలో ఎమిల్ నార్మన్ రూపొందించిన విశాలమైన కిటికీ దగ్గర నిలబడి చూడండి: రంగుటద్దాల మధ్య నిజమైన ఆకులు, గవ్వలు, బట్టపీలికలు, లోహపు తునకలు పొదిగి ఉంటాయి; దిగువ భాగంలో కాలిఫోర్నియాలోని 58 కౌంటీల (జిల్లాల వంటివి) నుంచి తెచ్చిన మట్టి, కంకర కనిపిస్తాయి.