హిచ్‌కాక్ సినిమా ‘నార్త్ బై నార్త్‌వెస్ట్’ చూశాను, ఎక్కలేదు. అసలు సంగతి మధ్యలోనే చెప్పేశారు, పొలాల సీను సాగదీశారు. అందులో అంత గొప్పేముంది?

మీరన్న ఆ రెంటికీ లింకుంది. (చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి, కింద గుట్టంతా విప్పేస్తున్నాను.)

ముందు ప్లాజా హోటల్ సీను మళ్లీ పెట్టుకోండి. హోటల్ కుర్రాడు ‘జార్జ్ కాప్లాన్’ అని కేకేసుకుంటూ తిరుగుతుంటాడు. సరిగ్గా అప్పుడే హీరో థార్న్‌హిల్ (కేరీ గ్రాంట్) అమ్మకి టెలిగ్రాం పంపాలని వాణ్ణి పిలుస్తాడు. కాప్లాన్ కోసం కాపు కాసిన ఇద్దరు శత్రువుల మనుషులకీ అంతే చాలు, ఇతనే కాప్లాన్ అనుకుంటారు. తర్వాత అతను కాప్లాన్ గదికి వెళ్తే పనమ్మాయి కూడా అదే పేరుతో పిలుస్తుంది. ఎందుకంటే ఆ గదిలో ఉన్నాడు గనక! కాప్లాన్ మొహం ఆవిడెప్పుడూ చూడలేదు. అక్కడున్న ప్యాంటేమో థార్న్‌హిల్‌కి పొట్టి.

ఇక వాషింగ్టన్ సీను. కాప్లాన్ అనేవాడే లేడు, శత్రువుల్ని ఏమార్చడానికి ప్రభుత్వ గూఢచారులు పుట్టించిన ఉత్తుత్తి మనిషి అని మనకి తెలిసిపోతుంది. థార్న్‌హిల్‌కి తెలీదు. దీన్ని చివరిదాకా దాచుంటే ఒక్క క్షణం ఆశ్చర్యపోయి ఊరుకునేవాళ్లం. హిచ్‌కాక్ ముందే చెప్పాడు కాబట్టే తర్వాతి ప్రతి సీనులోనూ అతని గురించి మనం భయపడతాం. అన్నట్టు, విమానాశ్రయంలో ప్రొఫెసర్ (ఆ గూఢచారుల పెద్ద) ఇదే సంగతి అతనికి చెప్పేటప్పుడు ఇంజిన్ల మోతలో మాటలు కొట్టుకుపోతాయి. తెలిసిన కథ మళ్లీ వినక్కర్లేదు కదా.

ఇప్పుడు పొలాల సీనుకి రండి. అతను వెళ్లింది కాప్లాన్‌ని కలవడానికి. లేని మనిషి రాడని మనకి తెలుసు. పైగా అతన్ని అక్కడికి పంపిన ఈవ్ (రైల్లో పరిచయమైన అమ్మాయి) శత్రువుల మనిషని, ఆ రైల్లోనే ఆమె వాళ్లకి పంపిన చీటీతో మనకి బయటపడింది. అందుకే ఒక్కో కారు దుమ్ము లేపుకుంటూ పోతుంటే అతను ఆశగా చూస్తాడు, మనం బిక్కుబిక్కుమంటూ చూస్తాం. రోడ్డుకి అవతల ఒకాయన దిగుతాడు. దూరంగా ఎగురుతున్న విమానాన్ని చూసి, పంట లేని చోట అది మందు కొడుతోందేమిటని ఓ మాటనేసి, బస్సెక్కి వెళ్లిపోతాడు. ఆ విమానమే థార్న్‌హిల్ మీదికి దూసుకొస్తుంది. చీకటి సందు లేదు, నక్కడానికి గోడ లేదు, పట్టపగలు. విమానం ట్యాంకర్‌ని గుద్దేదాకా నేపథ్య సంగీతం కూడా లేదు; బెర్నార్డ్ హెర్మన్ వాద్యాలు ఆ తర్వాతే మోగుతాయి. ఈ సీను ఫోన్లో చూస్తే పోయినట్టే. ఆ ఖాళీ నేల మధ్య మనిషి చీమంత కనబడాలి, కాబట్టి వీలైనంత పెద్ద తెర మీద, పక్కలు కత్తిరించని ప్రింటు చూడండి.

నా మటుకు క్లైమాక్సులో రష్‌మోర్ కొండ (అమెరికా అధ్యక్షుల మొహాలు చెక్కింది) మీది పాకులాట దీని ముందు తక్కువే, అది స్టూడియో సెట్టని పట్టేయొచ్చు. అక్కడి ఫలహారశాల సీనులో మాత్రం వెనక కూర్చున్న పిల్లాణ్ణి గమనించండి: ఈవ్ తుపాకి పేల్చకముందే చెవులు మూసుకుంటాడు.