వంక పక్కన స్థలం కొనొచ్చా?

ప్రశ్న: మాది చంద్రగిరి మండలం. ఊరి బయట వంక పక్కన స్థలం బేరం కుదిరింది. కొంచెం ఎగువన రోడ్డు వంకను దాటే చోట రెండు సిమెంటు తూములు వేశారు. ‘ఎప్పుడూ పొర్లింది లేదు, ఆ తూములు చాలు’ అంటున్నాడు అమ్మే ఆయన. నమ్మొచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: ‘ఎప్పుడూ’ అంటే ఎప్పట్నించో అడగమ్మా. 2021 నవంబరు వానల తర్వాత వేసిన తూములైతే అవి ఇంకా పరీక్ష రాయనట్టే.

ఇరిగేషన్‌లో పనిచేసిన అలవాటు కొద్దీ ముందు లెక్క చెబుతా. కొండవైపు నుంచి 250 ఎకరాల నీళ్లు ఆ వంకలో పడతాయనుకుందాం. గంటకు 60 మిల్లీమీటర్ల వాన పడి, అందులో సగం పారినా సెకనుకు 8 ఘనమీటర్లు వస్తాయి. 600 మిల్లీమీటర్ల తూము రెండు మీటర్ల వేగంతో నిండుగా పారితే పోయేది అర ఘనమీటరు పైచిలుకు. రెండు తూములకు ఒకటి, అంతే. మిగతా ఏడూ ఎక్కడికి పోవాలి? టేపు తీసుకెళ్లి తూము నోరు కొలువు. ఇంకాస్త పైకి పోయి, ఎవరూ ముట్టుకోని చోట వంక ఎంత వెడల్పుందో కూడా చూడు.

పైగా వంకలో నీళ్లొక్కటే రావు. కంపలు, మట్టలు, కల్యాణ మంటపం గ్లాసులు, ఒక్కోసారి పరుపులు కూడా. అందుకే నేను ఎక్కడికి పోయినా తూములు పూడిపోయాయనే అనుకొని రోడ్డు మీద నిలబడతా. నీళ్లు రోడ్డెక్కితే ఎటు పోతాయి? తూముల దగ్గరే రోడ్డు పల్లంగా ఉంటే, పైనుంచి దూకి మళ్లీ వంకలోనే పడతాయి. రోడ్డు కోసుకుపోతుంది, పోనీ. అదే రోడ్డు మీ స్థలం వైపు వాలుగా ఉంటే, నీళ్లు వంకను వదిలి రోడ్డు పట్టుకొని నేరుగా మీ గేటు కాడికి వస్తాయి. అలాంటి స్థలం సగం ధరకిచ్చినా నేను కొనను. వాలు కంటికి తెలియకపోతే, మేస్త్రీ దగ్గర నీళ్ల ట్యూబు ఉంటుంది, పట్టించు.

దిగువన తూముల కింద గుంత పడి, ఎగువన ఇసుక మేట వేసి ఉంటే అవి ఇప్పటికే చాలట్లేదని. కంపల కొమ్మల్లో ఇరుక్కున్న చెత్త ఎంత ఎత్తులో ఉందో చూడు. అమ్మే ఆయన మాటకన్నా అది నయం.

వంక మలుపు తిరిగే చోట బయటి గట్టు మీద మాత్రం వద్దే వద్దు. తిరుచానూరు దగ్గర 2021లో స్వర్ణముఖి ఇల్లు ముంచలేదు, గట్టు కోసేసి కూల్చింది. సర్వేయరుతో ఎఫ్‌ఎంబీ (స్థలం కొలతలు, హద్దులు చూపే సర్వే పటం) కూడా తీయించు. వంక పోరంబోకులో (వంకకు చెందిన ప్రభుత్వ భూమిలో) కొంత కలిపి అమ్మడం మన దగ్గర కొత్తేం కాదు.

ప్రశ్న: మా పొలం పక్కన వంకను జేసీబీతో లోతు చేయిస్తే ముంపు తగ్గుతుందా?
- ఒక రైతు, చిత్తూరు

జవాబు: కంప కొట్టించు, పూడిక వరకే తీయించు. పూడిక కింద ఉన్న వంక అసలు అడుగుభాగం తవ్వితే ఆ కోత వానవానకూ ఎగువకు పాకి, పైనున్న కల్వర్టు పునాది కింద తేలుతుంది. తవ్విన మట్టి గట్టు మీదే పోయించొద్దు, మొదటి వానకే లోపలికొస్తుంది. పనంతా అక్టోబరు వానల్లోపే కానివ్వు.