‘నెపమెన్నక’ చేసేవాడు నేర్పరి ఎందుకయ్యాడు?

సందేహం: సుమతీ శతకంలో ఈ పద్యం ఉంది కదా.

ఉపకారికి నుపకారము
విపరీతము గాదు సేయ వివరింపంగా
నపకారికి నుపకారము
నెపమెన్నక సేయువాడు నేర్పరి సుమతీ

ఇందులో ‘నెపమెన్నక’ అంటే ‘సాకులు చెప్పకుండా’ అని మా అబ్బాయికి బడిలో చెప్పారట. నేను చిన్నప్పుడు ‘తప్పులెంచకుండా’ అని నేర్చుకున్నాను. ఏది సరి? పైగా, అపకారికి మేలు చేసేవాణ్ణి మంచివాడు అనకుండా నేర్పరి అన్నారేమిటి?

సమాధానం: మీరు నేర్చుకున్నదే సరి. అలాగని బడివారి నెపమెన్నవలసిన పనీ లేదు, ఎందుకంటే ఆ పొరబాటుకు నేటి వాడుకే కారణం. ‘అనారోగ్యం నెపంతో సభకు రాలేదు’ అన్నప్పుడు నెపం సాకు; ‘ఓటమి నెపాన్ని ఇంకొకరి మీదికి నెట్టారు’ అన్నప్పుడు అదే మాటకు తప్పు అని అర్థం. ఈ రెండూ ఒక్క మాటలో ఇమిడిపోవడం నాకేమీ వింతగా తోచదు. సాకు కావలసి వచ్చినప్పుడు మనకు మొదట చేతికి దొరికేది ఎదుటివారి తప్పే కదా!

పద్యంలో ఏ అర్థం తీసుకోవాలో తేల్చేది పక్కనున్న క్రియ. సాకును చెబుతాము, వెతుకుతాము, కాని ఎన్నము. ‘ఎన్ను’ అంటే లెక్కించు, ఎంచు. ‘తప్పులెన్నువారు తండోపతండంబు’ అని వేమన అన్నదీ ఈ క్రియతోనే. కాబట్టి నెపము + ఎన్నక అంటే తప్పును లెక్కలోకి తీసుకోకుండా అని. నేరుగా ‘తప్పు’ అనే అనకపోవడానికి కందపద్యపు ప్రాస కూడా ఒక కారణం: ఉపకారి, విపరీతము, (న)పకారి అంటూ మూడు పాదాల్లో రెండో అక్షరం ‘ప’గా నిలిచాక నాలుగో పాదంలో ద్విత్వమైన ‘ప్పు’ను ఛందస్సు రానీయదు. ‘విపరీతము’ కూడా ఇక్కడ ‘విపరీతమైన రద్దీ’లోని మితిమీరడం కాదు, వింత అని.

ఇక నేర్పరి. ‘నేర్పు’కు ‘అరి’ ప్రత్యయం చేరిన మాట ఇది. జూదరి, సొగసరి, కల్లరి, టక్కరి అన్నవీ ఈ కుదురువే. టక్కరి పక్కన కూర్చోవలసి రావడం నేర్పరికి కొంత ఇబ్బందే అయినా, ‘అరి’ మంచిచెడ్డలు చూడదు, ఆ గుణం కలవాడని మాత్రమే చెబుతుంది. నెపములోని ‘నె’కు యతి (పాదం మొదటి అక్షరానికి అదే పాదంలో తర్వాత వచ్చే ఒక అక్షరంతో పొత్తు) కుదరాలి కనుక ‘నే’తో మొదలయ్యే మాట వేశారని ఛందస్సు తెలిసినవారు అనవచ్చు. నిజమే, కాని యతికి కావలసింది అక్షరమే. అర్థానికి కూడా ఇంతకంటే తగిన మాట లేదని నా అభిప్రాయం.

అపకారికి మేలు చేయడానికి మంచి మనసు చాలు, నెపమెన్నక చేయడానికి మాత్రం అది చాలదు. అప్పు తీర్చకుండా తప్పించుకు తిరిగిన మిత్రుడి ఇంట్లో ఎవరికో జబ్బు చేస్తే ఆసుపత్రికి పరుగెత్తినవాడు మంచివాడే; కాని అతడు తిరిగివచ్చి నలుగురిలో ‘నా డబ్బు ఎగ్గొట్టాడు, అయినా వెళ్లాను’ అన్నాడంటే, ‘అయినా’ అన్న ఆ మూడక్షరాల్లోనే నెపమెన్నడం పూర్తయిపోయింది. ‘పోనీలే పాపం’, ‘నేను కాబట్టి సరిపోయింది’ అనేవీ ఆ పనే కాస్త మర్యాదగా చేస్తాయి. మేలు చేసి కూడా ఇటువంటి మాటలను నాలుక మీదికి రానీయకపోవడం పుట్టుకతో అబ్బేది కాదు, సాధన మీద పట్టుబడేది. ‘నేర్చు’ నుంచి వచ్చిన ‘నేర్పు’ అటువంటిదానికే చెల్లుతుంది.

పద్యం చివరి పిలుపును కూడా గమనించండి. ‘సుమతీ’ అంటే మంచి బుద్ధి కలవాడా అని. మంచివాడా అని పిలిచి కూర్చోబెట్టుకున్న శ్రోతకు మళ్లీ మంచివాడవు కమ్మని చెబితే పునరుక్తి అయ్యేది.