తమ్ముడి జన్యు నివేదిక చదివిన అక్క ఏ కోర్సులో చేరాలి?

ప్రశ్న: మాది ఒంగోలు. బయోటెక్నాలజీతో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మా తమ్ముడికి ఏడేళ్లు. మాటలు రాలేదు, నడక ఆలస్యమైంది, ఏటా రెండు మూడుసార్లు న్యుమోనియాతో ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తోంది. ఈ మధ్య చేయించిన మైక్రోఎరే పరీక్షలో (క్రోమోజోముల్లో లోపించిన, అదనంగా ఉన్న చిన్న ముక్కలను పట్టేది) ఎక్స్ క్రోమోజోము మీద ఎంఈసీపీ2 జన్యువు డూప్లికేషన్, అంటే అదనపు ప్రతి, ఉందని తేలింది. మా ఇంట్లో ఆ నివేదికను కొంతైనా చదవగలిగింది నేనొక్కదాన్నే. ఈ రంగంలోనే పనిచేయాలని ఉంది. నాన్నగారు మళ్లీ నీట్ రాయమంటున్నారు. నేను ఎం.ఎస్సీ. జెనెటిక్స్, జెనెటిక్ కౌన్సెలింగ్, పరిశోధనలలో ఏది ఎంచుకోవాలి?

జవాబు: ముందుగా నాన్నగారి మాట తీసుకుందాం. వైద్యంలో ఈ రంగానికి వెళ్లాలంటే ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, పిల్లల వైద్యం వంటి విభాగంలో ఎండీ మూడేళ్లు, ఆపైన మెడికల్ జెనెటిక్స్‌లో డీఎం మరో మూడేళ్లు చదవాలి. ప్రతి మెట్టు దగ్గరా ఒక ప్రవేశ పరీక్ష ఉంటుంది. డాక్టరు కావాలన్న కోరిక మీలో విడిగా ఉంటే తప్ప, ఈ ఒక్క కారణంతో మళ్లీ నీట్ వైపు వెళ్లమని నేను చెప్పను. మీరు చేయాలనుకుంటున్న పనిలో చాలా భాగం ఎం.ఎస్సీ. దారిలోనే దొరుకుతుంది.

మీరు ఎంచుకోబోయే విషయం స్వరూపం కొంత తెలిస్తే కోర్సు ఎంపిక తేలికవుతుంది. ఎంఈసీపీ2 లోపిస్తే ఆడపిల్లల్లో రెట్ సిండ్రోమ్ అనే నాడీ సంబంధ జబ్బు వస్తుందని అమెరికాలోని హ్యూస్టన్‌లో హుదా జోగ్బీ బృందం 1999లో కనుగొంది. అదే జన్యువు ఉత్పత్తిని దాదాపు రెట్టింపు చేసినప్పుడు ఎలుకల్లో కూడా నాడీ సమస్యలు వచ్చాయని ఆ బృందమే 2004లో చూపింది. మరుసటి ఏడాది బెల్జియం పరిశోధకులు మగపిల్లల్లో ఈ డూప్లికేషన్‌ను వివరించారు. అంటే ఈ ప్రొటీన్ తక్కువైనా ముప్పే, ఎక్కువైనా ముప్పే. వంటలో ఉప్పులాగా దీనికీ ఒక మోతాదు ఉంది. ఇటువంటి జన్యువులను మోతాదుకు లోబడే జన్యువులు అంటారు. 16వ క్రోమోజోము మీద 16పీ11.2 అనే చోట సుమారు ఆరు లక్షల డీఎన్‌ఏ అక్షరాల ముక్క లోపించినవారిలో తల చుట్టుకొలత, శరీర బరువు పెరిగే ధోరణి ఉండగా, అదే ముక్క అదనంగా ఉన్నవారిలో రెండూ తగ్గే ధోరణి కనిపిస్తుంది. ఆటిజం అవకాశం మాత్రం రెండింటిలోనూ పెరుగుతుంది. నన్నడిగితే ఈ రంగంలోని ఆకర్షణ అంతా ఇక్కడే ఉంది.

ఇక పనుల సంగతి. డయాగ్నస్టిక్ ల్యాబులో విశ్లేషకులు రోజంతా చూసేది తెర మీది చుక్కలను. క్రోమోజోము పొడవునా వేలాది చుక్కలు సున్నా గీత చుట్టూ పరుచుకొని ఉంటాయి. ప్రమాణ నమూనాతో పోలిస్తే ఆ చోట డీఎన్‌ఏ ఎంత ఉందో ప్రతి చుక్కా లాగ్ (బేస్ 2) కొలతలో చూపుతుంది. రెండు ప్రతులు ఉండాల్సిన చోట మూడు ఉంటే ఆ చుక్కలు 0.58 దగ్గరకు లేస్తాయి, ఒకటే ఉంటే మైనస్ ఒకటికి దిగుతాయి. మీ తమ్ముడి విషయంలో లెక్క వేరు. మగపిల్లవాడికి ఎక్స్ ఒక్కటే కాబట్టి, మరో మగవారి నమూనాతో పోల్చినప్పుడు రెండు ప్రతులున్న చోట గీత ఏకంగా ఒకటి దాకా లేస్తుంది. అలా లేచిన ముక్క ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసింది, అందులో ఏ జన్యువులున్నాయి, ఇంతకుముందు ఎవరిలోనైనా చూశారా, జబ్బుకు అదే కారణమా లేక ఆరోగ్యవంతుల్లోనూ కనిపించేదేనా అని తేల్చి రాయడమే ఆ ఉద్యోగం. ఎంఈసీపీ2 పక్కనే రోగనిరోధక వ్యవస్థలో పనిచేసే ఐఆర్‌ఏకే1 జన్యువు ఉంటుంది. సాధారణంగా అది కూడా ఈ అదనపు ముక్కలోనే చేరి ఉంటుంది కాబట్టి పదేపదే వచ్చే ఇన్‌ఫెక్షన్లలో దాని పాత్ర ఎంతన్నది పరిశోధకులు ఆసక్తితో చూసే ప్రశ్న. క్రోమోజోములను మైక్రోస్కోపు కింద చూసే మామూలు కేరియోటైప్ పరీక్షకు సుమారు యాభై లక్షల అక్షరాల కంటే చిన్న ముక్కలు సాధారణంగా కనబడవు. అందుకే చాలా కుటుంబాలు ‘క్రోమోజోముల పరీక్ష నార్మల్’ అన్న కాగితంతో ఏళ్లు గడిపేస్తాయి. ఎదుగుదల లోపాలున్న పిల్లలకు మొదటి పరీక్షగా మైక్రోఎరే చేయాలని అమెరికా నిపుణులు సిఫారసు చేసింది 2010లోనే.

జెనెటిక్ కౌన్సెలర్ పని ఆ నివేదిక ముద్రణ అయ్యాక మొదలవుతుంది. మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం, పరీక్షకు కారణమైన బిడ్డ పక్కన బాణం గుర్తు పెట్టి మూడు తరాల వంశవృక్షం గీస్తారు. మన ప్రాంతంలో ఆ కాగితం మీద గీత గీస్తుండగానే వచ్చే మాట ‘మేనరికం వల్లనేనా అండీ?’ అన్నది. మేనరికం వల్ల పెరిగేది ప్రధానంగా తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి లోపమున్న ప్రతులు కలిసినప్పుడు వచ్చే జబ్బుల ముప్పు. ఎక్స్ మీది ఈ డూప్లికేషన్‌కు దానితో సంబంధం లేదు. ఈ తేడాను తెలుగులో, అత్తగారు పక్కన కూర్చున్నప్పుడు కూడా, తల్లి మీద నింద పడకుండా చెప్పగలగడం పాఠ్యపుస్తకం నేర్పని నైపుణ్యం. ఎందుకంటే ఈ డూప్లికేషన్ చాలా సందర్భాల్లో తల్లి నుంచే వస్తుంది. తల్లిలో రెండు ఎక్స్‌లలో అదనపు ముక్క ఉన్నదే ఎక్కువ కణాల్లో పనిచేయకుండా మూగబోయి ఉండడం వల్ల ఆమెకు సాధారణంగా పెద్ద లక్షణాలేవీ కనిపించవు. తర్వాతి గర్భం గురించి మాట్లాడేటప్పుడు 1994 నాటి గర్భస్థ లింగ నిర్ధారణ నిషేధ చట్టం ఏది అనుమతిస్తుందో, ఏది నేరమంటుందో కౌన్సెలర్‌కు కంఠస్థంగా ఉండాలి.

పరిశోధన మూడో దారి. 2015లో ఎలుకల్లో, జన్యువు నుంచి ప్రొటీన్ తయారీని తగ్గించే యాంటీసెన్స్ అణువులతో అదనపు ఎంఈసీపీ2ను తగ్గించినప్పుడు, పెద్దయిన ఎలుకల్లో కూడా లక్షణాలు వెనక్కి మళ్లాయి. మోతాదును మరీ తగ్గిస్తే రెట్ వైపు జారే ప్రమాదం ఉంది కనుకనే దీన్ని మందుగా మలచడం కత్తి మీద సాము. ఈ దారిలో పీహెచ్‌డీకే అయిదారేళ్లు పట్టవచ్చు. తమ్ముడికి మందు కనిపెట్టాలన్న ఆశతో మాత్రమే వెళ్లేవారికి ఆ ఏళ్లు చాలా భారంగా గడుస్తాయని మొహమాటం లేకుండా చెబుతున్నాను.

కోర్సులకు వస్తే, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో హ్యూమన్ జెనెటిక్స్, హైదరాబాద్‌లోని ఉస్మానియాలో జెనెటిక్స్ ఎం.ఎస్సీ. ఉన్నాయి. మొదటిదానికి ఏపీ పీజీసెట్, రెండోదానికి సీపీగెట్ రాయాలి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి సీయూఈటీ పీజీ, కేంద్ర బయోటెక్నాలజీ విభాగం సాయమందించే ఎం.ఎస్సీ.లకు గ్యాట్‌-బి ఉన్నాయి. కౌన్సెలింగ్‌లో ప్రత్యేకంగా ఎం.ఎస్సీ. చేయాలంటే మణిపాల్ వంటి చోట్లకు వెళ్లాలి. చేరే ముందు రోగులను నేరుగా చూసే శిక్షణ ఎన్ని గంటలు ఉందో అడగండి; అది లేని కోర్సు ఫీజు ఎంత తక్కువైనా నాకు నచ్చదు. పరిశోధనకు హైదరాబాద్‌లోనే ప్రభుత్వ పరిశోధన సంస్థలైన సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ ఉన్నాయి. సీడీఎఫ్‌డీలో జన్యు పరీక్షల విభాగం కూడా ఉంది కాబట్టి అక్కడ ఎం.ఎస్సీ. ప్రాజెక్టు చేసే అవకాశం వస్తే ల్యాబు, పరిశోధన దారులు రెండూ ఒకేసారి చూడవచ్చు.

మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి. అమ్మగారు ఈ డూప్లికేషన్ వాహకురాలైతే, మీకూ అది వచ్చే అవకాశం సగానికి సగం. పరీక్ష చేయించుకోవాలో వద్దో పూర్తిగా మీ నిర్ణయం, ఎవరూ తొందరపెట్టకూడదు. అయితే ఈ వృత్తిలోకి వచ్చే ముందు, తమ్ముడి నివేదికతో ఒకసారి మీరే కౌన్సెలర్ ముందు కూర్చోండి. ఇలాంటి కుటుంబాలకు మీరు రేపు చెప్పబోయే మాటలను ముందు కుర్చీకి ఇవతలి నుంచి విన్నట్లవుతుంది.

నా అంచనాలో మీకు కౌన్సెలింగో, ల్యాబులో నివేదిక విశ్లేషణో సరిపోతుంది. రెండింటిలో ఏదో తేల్చుకోవడానికి ఈ ఆదివారం ఒక పని చేయండి. నివేదికలో డూప్లికేషన్ మొదలైన, ముగిసిన స్థానాల అంకెలు ఉంటాయి. ఎవరైనా ఉచితంగా చూడగలిగే జన్యు మార్పులను, వాటితో కనిపించిన లక్షణాలను నమోదు చేసే డెసిఫర్ డేటాబేసులో ఆ స్థానాలు వెతికి, మధ్యలో ఉన్న జన్యువులను ఒక్కొక్కటిగా తెరిచి చదవండి. గంటలు గడిచినా లేవబుద్ధి కాకపోతే మీ చోటు ల్యాబులో ఉంది. చదువుతున్నంతసేపూ ఇదంతా అమ్మకు ఎలా చెప్పాలన్న ఆలోచనే వస్తుంటే కౌన్సెలింగ్‌కు దరఖాస్తు చేయండి. అంకెలు వేసే ముందు నివేదికలో స్థానాలను లెక్కించడానికి వాడిన ప్రమాణ జీనోమ్ వెర్షన్ 37 అని ఉందో 38 అని ఉందో చూసుకోండి. అది తప్పితే మీ తెర మీద పక్క జన్యువులు కనబడతాయి.